9 మీటర్లకూ 50 మీటర్లకూ ఒకే స్కోపు: స్ప్రింగ్ రైఫిల్ ప్రాజెక్టు డైరీ

పని: .177 (4.5 మి.మీ) బ్రేక్ బ్యారెల్ (బ్యారెల్‌ని కిందికి వంచి స్ప్రింగ్ ఎక్కించే) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌కి ఒకే స్కోపు బిగించి మూడు ఇనప టార్గెట్లు కొట్టాలి. 9 మీటర్ల దగ్గర 15 మి.మీ చిల్లు, 25 మీటర్ల దగ్గర 25 మి.మీ చిల్లు, 50 మీటర్ల దగ్గర 40 మి.మీ చిల్లు. ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో (వేర్వేరు దూరాల్లో ఇనప పలకల చిల్లుల్లోకి కొట్టే ఎయిర్ రైఫిల్ పోటీలు) దూరాలు దాదాపు ఈ హద్దుల్లోనే ఉంటాయి. లేజర్‌తో దూరం కొలవకూడదు, స్కోపుతోనే తేల్చుకోవాలి.

స్థలం: మామిడి తోటలో రెండు వరసల మధ్య 50 మీటర్ల దారి. చివర మట్టికట్ట, దాని ముందు ఇసుక బస్తాలు. కాగితం, ఇనప పలకలు తప్ప మరి దేనిమీదా పేల్చలేదు. పిట్టలూ ఉడతలూ టార్గెట్లు కావు. మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 4.5 మి.మీ బోరు, 20 జౌళ్ళు దాటని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. మాది ఆ హద్దులోపలే ఉంది, లెక్క కింద ఇచ్చాం.

దశ 1: కొనకముందు కాగితం మీద

క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) మీదుగా 8.44 గ్రెయిన్ల (0.547 గ్రాముల) పెల్లెట్లు 20 పేల్చాం. సగటు వేగం సెకనుకు 238 మీటర్లు, అంటే 15.5 జౌళ్ళు. ఈ ఒక్క అంకె లేకుండా స్కోపు ఎంచుకోవడం మొదలుపెట్టొద్దు. మిగతా లెక్కలన్నీ దీనిమీదే నిలబడతాయి.

తరవాత కొట్టివేతలు.

రెడ్ డాట్ (పెద్దది చేయకుండా ఎర్ర చుక్క మాత్రం చూపే గురి): చుక్క సైజు 3 నిమిషాలైతే (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) 50 మీటర్ల దగ్గర అది 44 మి.మీ వెడల్పు కనిపిస్తుంది. మన చిల్లు 40. గురిపెట్టే చుక్కే చిల్లుని మింగేస్తుంది. 2 నిమిషాల చుక్క కూడా 29 మి.మీ కప్పేస్తుంది. దగ్గరికి బ్రహ్మాండం, దూరానికి పనికిరాదు.

1-6×24 (1 నుంచి 6 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు కటకం 24 మి.మీ): అమెరికాలో ఏఆర్-15 తరహా రైఫిళ్ళ మీద, వేగం పోటీల్లో చాలామంది వాడేది ఇలాంటిదే. గది వెడల్పు దూరం నుంచి వందల మీటర్ల దాకా, అరచేయంత, పళ్ళెమంత టార్గెట్లకి అది సరైన ఎంపికే. కానీ వీటిలో చాలావాటికి పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగే తేడా) 100 గజాల దగ్గర సున్నా అయ్యేలా బిగించేసి ఉంటుంది. 9 మీటర్ల దగ్గర 6× పెడితే బొమ్మ అలుక్కుపోతుంది.

3-9×40, ఫోకస్ మార్చలేనిది: చేతిలో ఉంది కాబట్టి పరీక్షించాం (దశ 2).

4-12×40, ముందు కటకం దగ్గర తిప్పే ఫోకస్ రింగు (ఏఓ) ఉన్నది: చివరికి నిలిచింది ఇదే. ఎంచుకునేటప్పుడు పెట్టెమీద "12×" అన్న అంకెకన్నా ముందు చూడాల్సింది "కనిష్ఠ ఫోకస్ 10 గజాలు" అన్న మాట. 10 గజాలంటే 9.1 మీటర్లు. దూరంలో బాగా కనిపించే స్కోపు ఎక్కడైనా దొరుకుతుంది. దగ్గర కూడా స్పష్టంగా కనిపించేవి తక్కువ, అసలు వడపోత అక్కడే.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 20.

దశ 2: ఫోకస్ లేని స్కోపు ఎందుకు ఓడింది

పేల్చకుండానే తెలిసిపోయే పరీక్ష ఇది.

1. 9 మీటర్ల దగ్గర గోడకి గ్రాఫ్ కాగితం అంటించండి.
2. రైఫిల్ కదలకుండా రెండు ఇసుక సంచుల మధ్య కూర్చోబెట్టండి. పెల్లెట్ వద్దు.
3. తుపాకీ ముట్టుకోకుండా తల మాత్రం ఎడమకి, కుడికి, పైకి, కిందికి జరపండి.
4. క్రాస్‌హెయిర్ కాగితం మీద ఎన్ని గళ్ళు పాకిందో లెక్కపెట్టండి.

మాకు నడిమి నుంచి ఒక్కోవైపు 16 మి.మీ పాకింది. లెక్క ప్రకారం రావలసిన గరిష్ఠం: కటకం వ్యాసంలో సగం (20 మి.మీ), దాన్ని పారలాక్స్ దూరానికీ టార్గెట్ దూరానికీ ఉన్న తేడాతో (82 మీటర్లు) గుణించి, పారలాక్స్ దూరంతో (91 మీటర్లు) భాగిస్తే 18 మి.మీ. మన చిల్లు నడిమి నుంచి అంచుకి 7.5 మి.మీ మాత్రమే. కన్ను కాస్త పక్కకి పోతే చాలు, గురి చిల్లు బయటే ఉంటుంది. పైగా క్రాస్‌హెయిర్ మాత్రం చిల్లు నడుమే ఉన్నట్టు కనిపిస్తుంది.

అదే స్కోపుకి 50 మీటర్ల దగ్గర గరిష్ఠ తప్పు 9 మి.మీ. అక్కడి చిల్లుకి అంచు దాకా 20 మి.మీ ఉంది కాబట్టి నెట్టుకురావచ్చు. "దూరానికి బాగానే ఉంది, దగ్గరికి ఇంకా బాగుంటుంది" అనుకునేవాళ్ళు ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడాలి.

పేల్చి కూడా చూశాం. 9 మీటర్ల దగ్గర పది పెల్లెట్ల గుంపు (దెబ్బలన్నీ పడిన జాగా వెడల్పు) 17 మి.మీ. ఇదే రైఫిల్ తరవాత సరైన స్కోపుతో అదే దూరంలో 5 మి.మీ గుంపు వేసింది.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 80.

దశ 3: ఏఓ స్కోపు ఎక్కింది, జారింది

పాత ఎత్తు రింగులతోనే (రెండు విడి రింగులు, రైఫిల్ వీపు మీదున్న 11 మి.మీ డవ్‌టెయిల్ గాడికి, అంటే రైలుకి, బిగించేవి) ఎక్కించాం. తప్పు.

స్ప్రింగ్ రైఫిల్ దెబ్బ రెండువైపులా ఉంటుంది. పిస్టన్ ముందుకి దూకేటప్పుడు రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ సిలిండర్ చివర ఆగగానే రైఫిల్ ముందుకి కుదుపుతుంది. ఈ ముందుకి కుదుపే స్కోపుకి శత్రువు. రైఫిల్ ముందుకి ఉరికితే స్కోపు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. ఫలితంగా రైలు మీద అది వెనక్కి జరుగుతూ పోతుంది. అందుకే పెద్ద బోరు రైఫిళ్ళ మీద నిలిచిన ఖరీదైన స్కోపు కూడా స్ప్రింగ్ రైఫిల్ మీద లోపల క్రాస్‌హెయిర్ ఊడిపోయి పాడవవచ్చు. "స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కి తగినది" అని తయారీదారు స్పష్టంగా రాస్తేనే కొనండి.

రింగుల ముందు అంచు దగ్గర రైలు మీద పెన్సిల్ గీత గీసి పేల్చాం. 45 పెల్లెట్లకి గీతకీ రింగుకీ మధ్య 4 మి.మీ ఖాళీ వచ్చింది. గుంపు 30 మీటర్ల దగ్గర ఒక చోట నిలవకుండా కిందికి దిగుతూ పోయింది. ఆ 45 పెల్లెట్ల కొలతలన్నీ కొట్టేశాం. స్క్రూలు ఇంకా గట్టిగా బిగించడం దీనికి మందు కాదు. అలా చేస్తే రింగు గొట్టాన్ని నొక్కి ఫోకస్ బిగుసుకుపోతుంది.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 125.

దశ 4: బ్యారెల్ వంగిన చూపు, ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు

రెండో తగువు. ఎలివేషన్ టరెట్‌ని (గురిని పైకీ కిందికీ జరిపే మర) ఒక చివర నుంచి మరో చివరకి తిప్పి లెక్కపెడితే 240 క్లిక్కులు. సగానికి, 120 దగ్గర పెట్టి 30 మీటర్లలో పేల్చితే దెబ్బ గురికి 225 మి.మీ కింద పడింది. బ్రేక్ బ్యారెల్ రైఫిళ్ళలో ఇది మామూలే. బ్యారెల్ రైలుకి సమాంతరంగా కాక కాస్త కిందికి చూస్తుంటుంది.

క్లిక్కు పావు నిమిషం, 30 మీటర్ల దగ్గర 2.18 మి.మీ. 225 మి.మీ పైకి తేవడానికి 103 క్లిక్కులు. ఉన్నవి 120. సరిపోయిందిగా అనిపిస్తుంది. కానీ టరెట్ అంత పైకి వెళ్ళాక లోపల గొట్టాన్ని ఎదురు తోసే స్ప్రింగ్ వదులైపోయి, ప్రతి కుదుపుకీ జీరో (గురీ దెబ్బా ఒకచోట కలిసేలా పెట్టిన అమరిక) కదులుతుంది. 10 మీటర్ల దగ్గర గ్రాఫ్ కాగితం మీద క్లిక్కుల్ని పరీక్షిస్తే మధ్యలో 40 క్లిక్కులకి 29 మి.మీ సరిగ్గా నడిచింది. పై చివర 20 క్లిక్కులకి కదలికే లేదు.

చేసిన మొదటి మరమ్మతు: వెనక రింగు కింది సగంలో పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కలు. ఒక్కోటి 0.18 మి.మీ మందం. రింగుల మధ్య దూరం 100 మి.మీ కాబట్టి ఒక ముక్క చూపుని 1.8 మిల్ దించుతుంది (మిల్ అంటే 10 మీటర్లకి 10 మి.మీ, 30 మీటర్లకి 30 మి.మీ). మనకు కావలసింది 7.5 మిల్, అంటే నాలుగు ముక్కలు, 0.72 మి.మీ. పెట్టాం. బిగించి విప్పితే గొట్టం మీద రింగు అంచు నెలవంకలా గీరుకుని కనిపించింది. మరో వంద దెబ్బలు అయ్యుంటే గొట్టం నొక్కుకుపోయేది. రెండు ముక్కలకి మించి ఎప్పుడూ పెట్టొద్దు.

అసలు మరమ్మతు: 25 నిమిషాల వాలుతో చేసిన ఏకఖండం మౌంటు, కింద ఆపుడు పిన్ను ఉన్నది. 25 నిమిషాలంటే 7.3 మిల్, 30 మీటర్లకి 218 మి.మీ. మిగిలిన 7 మి.మీకి మూడు క్లిక్కులు చాలు. జారుడూ వాలూ ఒకే భాగంతో తీరాయి. మొదటే కొనుంటే రింగుల డబ్బు మిగిలేది.

బిగింపు వరస:

1. రైలుని, మౌంటు కింది భాగాన్ని స్పిరిట్‌తో తుడవండి. నూనె మిగిలితే జారుతుంది.
2. ఆపుడు పిన్ను రైలు మీదున్న గుంటలోకి దిగిందో లేదో ముందు చూసి, మౌంటుని వెనక్కి నెట్టి పట్టుకుని కింది స్క్రూలు బిగించండి.
3. నూలుదారానికి నట్టు కట్టి 20 మీటర్ల దూరంలో వేలాడదీయండి. రైఫిల్ మట్టంగా ఉండగా నిలువు గీత దారంతో కలిసేలా స్కోపు తిప్పండి.
4. పై పట్టీల స్క్రూలు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, 2 న్యూటన్ మీటర్ల దాకా. పట్టీకి రెండువైపులా సందు సమానంగా ఉండాలి.
5. పెన్సిల్ గీత మళ్ళీ గీయండి.

30 పెల్లెట్లకి గీత కదల్లేదు.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 155. పారేసినవి: రింగుల జత, ఫిల్మ్ ముక్కలు.

దశ 5: దగ్గర కుడికి, దూరం ఎడమకి

30 మీటర్ల దగ్గర జీరో చేశాం. 9 మీటర్లకి మారితే గుంపు 2 మి.మీ కుడికి, 50 మీటర్లకి మారితే 2 మి.మీ ఎడమకి. గాలి కాదు. గాలైతే రెండూ ఒకే వైపు పోవాలి.

కారణం: స్కోపు బ్యారెల్‌కి సరిగ్గా నెత్తిన లేదు, 3 మి.మీ ఎడమకి ఉంది. రెండు చూపులూ 30 మీటర్ల దగ్గర కలిసేలా తిప్పాం కాబట్టి అంతకు ముందు ఒకవైపు, దాటాక మరోవైపు పోతాయి. మౌంటు విప్పి చూస్తే బిగింపు పట్టీ కింద రంగు పెచ్చు ఒకటి ఇరుక్కుని ఉంది. తీసి మళ్ళీ బిగిస్తే రెండు చోట్లా అర మి.మీ లోపలికి వచ్చింది.

ఈ దశలోనే ఇంకో సంగతి. ముందుభాగాన్ని గట్టి సంచి మీద ఆనించి పేల్చితే 30 మీటర్ల గుంపు 38 మి.మీ. అరచేయి తెరిచి దానిమీద రైఫిల్ వదులుగా కూర్చోబెడితే 15 మి.మీ. స్ప్రింగ్ రైఫిల్‌ని దాని తన్ను అది తన్నుకోనివ్వాలి. ఇది సరిచూసుకోకుండా స్కోపుని తిట్టకండి.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 195.

దశ 6: ఎంత ఎత్తు పట్టాలి

బ్యారెల్ నడిమి నుంచి స్కోపు నడిమికి ఎత్తు ఎలా కొలవాలంటే: బ్యారెల్ వ్యాసంలో సగం 8, గొట్టం వ్యాసంలో సగం 12.7, రెండింటి మధ్య సందు 24.3. మొత్తం 45 మి.మీ. పాత రింగులతో ఇది 55 ఉండేది. ఆ 10 మి.మీ తేడా 50 మీటర్ల దగ్గర గుర్తించదగ్గది కాదు (1.7 మిల్ బదులు 1.6). 9 మీటర్ల దగ్గర మాత్రం 1.4 మిల్ కాస్తా 2.2 అవుతుంది. దూరం ఒక మీటరు తప్పుగా అంచనా వేస్తే ఎత్తు స్కోపు దగ్గర టార్గెట్ మీద ఎక్కువ శిక్షిస్తుంది.

కొత్తవాళ్ళు నమ్మనిది ఇదే: దగ్గర టార్గెట్‌కి కూడా పైకి పట్టాలి. పెల్లెట్ స్కోపు చూపుకి 45 మి.మీ కింద బయలుదేరుతుంది. 9 మీటర్లలో అది ఇంకా పైకి ఎక్కుతూనే ఉంటుంది, చూపుని అందుకోలేదు. 15 మీటర్ల దగ్గర చూపుని కలుస్తుంది, కాస్త పైకి పోతుంది, 30 దగ్గర తిరిగి కలుస్తుంది, ఆ తరవాత అంతా దిగుడే.

మొదటి ఉదయం 50 పెల్లెట్లు వృథా. ఎనిమిది దాటాక మొదలుపెట్టాం, మామిడాకులు గలగలమంటున్నాయి. సెకనుకు 2 మీటర్ల అడ్డగాలి 50 మీటర్ల దగ్గర ఈ పెల్లెట్‌ని సుమారు 60 మి.మీ తోస్తుంది. 9 మీటర్ల దగ్గర 2 మి.మీ. మర్నాడు తెల్లారుతూనే, ఆకు కదలనప్పుడు చేశాం. ఒక్కో దూరానికి పది పెల్లెట్లు, 10× మీద, గుంపు నడిమి నుంచి కొలత:

9 మీటర్లు: 1.4 మిల్ పైకి పట్టాలి
10 మీటర్లు: 1.0 పైకి
15 మీటర్లు: సరిగ్గా నడిమికి
20 మీటర్లు: 0.3 కిందికి
25 మీటర్లు: 0.25 కిందికి
30 మీటర్లు: నడిమికి
35 మీటర్లు: 0.35 పైకి
40 మీటర్లు: 0.75 పైకి
45 మీటర్లు: 1.2 పైకి
50 మీటర్లు: 1.8 పైకి

లెక్క 50 మీటర్లకి 1.7 అంది, కాగితం 1.8 అంది. కాగితం మాటే రాసుకున్నాం. 10 మీటర్లకీ 43 మీటర్లకీ ఒకే పట్టు అని గమనించండి. మీ రైఫిల్ వేగం వేరైతే ఈ పట్టిక మీకు పనికిరాదు, పద్ధతి మాత్రం పనికొస్తుంది.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 345.

దశ 7: జూమ్ తిప్పితే పట్టిక చెడింది

పట్టిక 10× మీద చేశాం. పరీక్షలో 50 మీటర్ల చిల్లు బాగా కనబడాలని 12×కి తిప్పితే దెబ్బలు 15 మి.మీ కింద పడ్డాయి. దగ్గర టార్గెట్‌కి 6×కి దించితే 8 మి.మీ పైన పడి చిల్లు అంచుకి తగిలాయి.

ఈ స్కోపులో రెటికిల్ (క్రాస్‌హెయిర్, దానిమీద మిల్ లెక్కకి పెట్టిన చుక్కలు) వెనక కటకం వైపు ఉంటుంది. జూమ్ మారినా చుక్కల సైజు కంటికి మారదు, వెనకున్న టార్గెట్ మాత్రం పెరుగుతుంది, తరుగుతుంది. చుక్కల మధ్య దూరం 10× మీద 1 మిల్ అయితే 12× మీద 0.83, 6× మీద 1.67. అంటే 12× మీద 1.8 చుక్కలు పట్టినా నిజానికి పట్టింది 1.5 మిల్లే.

రెటికిల్ నిజంగా ఏ జూమ్ మీద సరిపోతుందో పెట్టెని నమ్మకుండా తేల్చుకోవచ్చు. 10 మీటర్ల దగ్గర కాగితం మీద 10 మి.మీకి ఒక గీత గీసి, గీతలూ చుక్కలూ కలిసే దాకా జూమ్ తిప్పండి. మాకు 10 అంకెకి రవ్వంత ఇవతల కలిసింది. అక్కడ తెల్లరంగుతో చుక్క పెట్టి, జూమ్ రింగు మీద టేపు చుట్టేశాం. ఇక మూడు టార్గెట్లకీ అదే.

ఇప్పటిదాకా: పెల్లెట్లు 385.

దశ 8: ఫోకస్ రింగుతో దూరం కొలవడం

రింగు మీద అచ్చువేసిన అంకెల్ని లెక్కలోకి తీసుకోలేదు. 30 అని రాసిన చోట మాకు 34 మీటర్లు స్పష్టంగా కనిపించాయి.

1. రింగు చుట్టూ 8 మి.మీ వెడల్పు కాగితం పట్టీ అంటించండి.
2. టేపుతో కొలిచి పెట్టిన ప్రతి దూరం దగ్గరా సన్నటి అచ్చు అక్షరాలున్న వార్తాపత్రిక ముక్క పెట్టండి.
3. ఎప్పుడూ దగ్గర నుంచి దూరం వైపే తిప్పండి. ఇటూ అటూ తిప్పితే మరలో వదులు వల్ల గుర్తు మారుతుంది.
4. అక్షరం పదునెక్కిన క్షణంలో ఆపి గీత గీయండి. మూడుసార్లు చేసి నడిమిది ఉంచండి.

9 మీటర్ల గీత నుంచి కొలిస్తే: 10 దగ్గర 10.5 మి.మీ, 15 దగ్గర 42, 20 దగ్గర 58, 30 దగ్గర 74, 40 దగ్గర 82, 45 దగ్గర 85, 50 దగ్గర 87.

దగ్గర ఒక్క మీటరుకి రింగు మీద చిటికెన వేలి వెడల్పంత జాగా ఉంది. 45 నుంచి 50కి, అయిదు మీటర్లకి, రెండు మి.మీ. బియ్యపు గింజ మందం. పోటీల్లో స్కోపు పక్కన పళ్ళెమంత చక్రం బిగించుకునేది ఈ రెండు మి.మీని సాగదీయడానికే.

50 మీటర్లని 45 అనుకుంటే 1.8 బదులు 1.2 పడతాం, దెబ్బ 30 మి.మీ కింద. చిల్లు తప్పినట్టే. ఇంకో చిక్కు: తెల్లవారుజామున గీసిన 50 గీత మధ్యాహ్నం ఎండలో 45 గీత దగ్గరికి జరిగింది. వేడికి స్కోపు ఫోకస్ మారుతుంది. పట్టీ మీద నల్ల గీతలు ఉదయానివి, ఎర్ర గీతలు మధ్యాహ్నానివి అని రెండు వరసలు వేశాం. మధ్యలో స్కోపుని నీడలో, తెల్లగుడ్డ కప్పి ఉంచాం.

దశ 9: మూడు టార్గెట్ల మీద

గాలి లేని ఉదయం, ఒక్కోదానికి పది పెల్లెట్లు, దూరం ప్రతిసారీ రింగుతోనే చూసి. చిల్లులో పడినవి:

9 మీటర్లు, 15 మి.మీ: 9. తప్పినది 9కి 10 పట్టు పట్టడం వల్ల కింద అంచుకి తగిలింది.
25 మీటర్లు, 25 మి.మీ: 10.
50 మీటర్లు, 40 మి.మీ: 7. తప్పిన మూడింటిలో రెండు కింద పడ్డాయి, రెండుసార్లూ రింగు 50 గీతకి ముందే ఆగింది. ఒకటి పక్కకి.

మొత్తం: పెల్లెట్లు 415. 500 డబ్బాలో 85 మిగిలాయి. అవి 40, 45, 50 మీటర్లకే వాడతాం. డబ్బా మీద బ్యాచ్ నంబరు రాసి పెట్టాం. కొత్త డబ్బా తెరిస్తే క్రోనోగ్రాఫ్ దగ్గర నుంచి మళ్ళీ మొదలు.